ఎక్కడ ఆగిందో చూద్దాం

సినిమా మంచి పట్టులో ఉండగా తెర ఆగిపోయి, మధ్యలో చక్రం గుండ్రంగా తిరగడం మొదలైతే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ఒకటుంది: ‘ఎవరు ఏం నొక్కారు?’ ఆ వెంటనే రెండో మాట: ‘ఈ నెట్ ఎప్పుడూ ఇంతే!’ ఆ తర్వాత మాటలుండవు. రిమోట్ మీద కనిపించిన మీటలన్నీ వరసగా నొక్కడమే. ఐదు నిమిషాలు గడిచేసరికి పిల్లవాడు ముఖం ముడుచుకుని గదిలోకి వెళ్లిపోతాడు, పెద్దాయన పడుకుంటారు. సినిమా మాత్రం ఆగిన చోటే ఉంటుంది.

ఆ ఐదు నిమిషాలు నా దృష్టిలో చాలా విలువైనవి. ఉద్యోగంలో, వ్యాపారంలో, చదువులో చిక్కులు ఇలాగే వచ్చి పడతాయి. ముందు చెప్పి రావు, తీరిగ్గా ఉన్నప్పుడు రావు, పక్కన నలుగురు చూస్తుండగా వస్తాయి. అప్పుడు నోటి నుంచి ‘ఎవరు?’ అన్న ప్రశ్న వస్తుందా, ‘ఎక్కడ?’ అన్న ప్రశ్న వస్తుందా అన్నది అలవాటును బట్టి ఉంటుంది. ‘ఎవరు?’ అని అడిగితే ఇంట్లో ఒక మనిషి తలదించుకుంటాడు. ‘ఎక్కడ?’ అని అడిగితే పని మొదలవుతుంది. పెద్దగా నష్టపోయేదేమీ లేని చోట ఈ అలవాటు నేర్చుకోవాలంటే ఆగిపోయిన టీవీకి మించినది దొరకదు.

కుళాయిలో నీళ్లు రాకపోతే మనం నేరుగా మున్సిపాలిటీని తిట్టం. వంటింట్లో ఒక్కదానిలోనే రావడం లేదా, స్నానాలగదిలో కూడానా అని చూస్తాం. ట్యాంకు చూస్తాం, మోటారు చూస్తాం. ఈ తెలివి మనకు ఎవరూ పుస్తకంలో నేర్పలేదు. నెట్ విషయానికొచ్చేసరికి మాత్రం అది కనిపించదు కాబట్టి అర్థం కాదని ముందే చేతులెత్తేస్తాం. నిజానికి దాని దారి కూడా అంతే సూటిగా ఉంటుంది. ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి బొమ్మ బయల్దేరుతుంది, మన నెట్ కంపెనీకి చేరుతుంది, స్తంభం మీది ఫైబర్ తీగలోంచి ఇంట్లో పెట్టెలోకి వస్తుంది, అక్కడి నుంచి వైఫై మీద టీవీకి, టీవీలోని యాప్‌కి వస్తుంది. ఈ దారిలో ఎక్కడో ఒక చోట ఆగింది. ఆ చోటు పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మూడు ప్రశ్నలు చాలు

మొదటిది: అదే టీవీలో ఇంకో యాప్ తెరవండి. నెట్‌ఫ్లిక్స్ ఆగితే యూట్యూబ్ పెట్టి చూడండి. అది ఆడితే నెట్ ఉన్నట్టే. చిక్కు ఆ ఒక్క యాప్‌లోనో, మీ ఖాతాలోనో ఉంది. చందా గడువు అయిపోయిందేమో, మీ ప్లాన్‌లో ఎన్ని తెరలకు అనుమతి ఉందో అన్నీ నిండిపోయాయేమో చూడండి. వేరే ఊళ్లో ఉన్న అక్కయ్య అదే ఖాతాతో చూస్తూ ఉండవచ్చు.

రెండోది: అదే యాప్‌ని ఫోన్‌లో, ఇంటి వైఫై మీదే తెరవండి. ఫోన్‌లో ఆడి టీవీలో ఆడకపోతే చిక్కు టీవీదే.

మూడోది: ఫోన్‌లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద అదే సినిమా పెట్టండి. వైఫై మీద రానిది ఇప్పుడు వచ్చిందంటే లోపం ఇంటి కనెక్షన్‌లో ఉంది. రెండింటి మీదా రాకపోతే ఖాతాలోనో, ఆ సంస్థ సర్వర్లలోనో ఉంది.

రెండు నిమిషాల పని. దీనితో ‘నెట్ రావట్లేదు’ అనే మసక మాట పోయి ‘ఇంటి వైఫై మీద ఏ ఫోన్‌లోనూ రావట్లేదు, మొబైల్ డేటా మీద వస్తోంది’ అనే స్పష్టమైన మాట చేతికొస్తుంది. ఆఫీసులో పై అధికారి ముందు నిలబడి ‘సిస్టం పనిచేయట్లేదు సార్’ అనే ఉద్యోగికీ, ‘పొద్దున పదింటి నుంచి బిల్లింగ్ ఒక్కటే తెరుచుకోవట్లేదు, మిగతావన్నీ బాగున్నాయి’ అనే ఉద్యోగికీ ఉన్న తేడా ఇదే. రెండో మనిషి మాటకు విలువ ఉంటుంది. ఆ మాట తీరు ఇంట్లోనే అబ్బుతుంది.

పెట్టె మీది లైట్లు అలంకారానికి కావు

కనెక్షన్ మొత్తం పోయిందని తేలాక చూడవలసింది వైఫై పెట్టెను. దాని మీద చిన్న లైట్లు వరసగా ఉంటాయి, పక్కన పొడి అక్షరాలు ఉంటాయి. ఫైబర్ కనెక్షన్లలో రెండింటిని గుర్తుపెట్టుకుంటే చాలు. ‘పాన్’ అన్న లైటు నిలకడగా పచ్చగా ఉంటే తీగలో వెలుతురు సరిగా వస్తోందని అర్థం. ‘లాస్’ అన్న లైటు ఎర్రగా వెలిగినా, మిణుకుమన్నా కంపెనీ నుంచి రావలసిన వెలుతురు పెట్టెకు అందడం లేదని అర్థం. వీధిలో తీగ తెగి ఉండవచ్చు, ఇంట్లోనే సోఫా జరిపినప్పుడు సన్నటి తీగ నలిగి ఉండవచ్చు. ఫైబర్‌ని గట్టిగా మడిస్తే లోపలి వెలుతురు బయటికి జారిపోతుంది. మడత విప్పి చూడండి. ఒక జాగ్రత్త: ఊడిన తీగ కొసను కంటి ముందు పెట్టుకుని తొంగి చూడకండి. అందులో వచ్చే కాంతి మన కంటికి కనిపించదు కానీ కంటికి హాని చేయగలదు.

ఎర్ర లైటు అలాగే ఉందంటే ఇంట్లో మీరు చేయగలిగింది ఇక లేదు. పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా తెగిన తీగ అతుక్కోదు. ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, పుస్తకం తీయండి, పిల్లలతో అష్టాచెమ్మా ఆడండి. మన చేతిలో లేని పనిని గుర్తించి వదిలేయడం కూడా ఒక సామర్థ్యమే. అది లేనివాళ్లు రాత్రంతా పెట్టె ముందే కూర్చుని నిద్ర పాడుచేసుకుంటారు.

లైట్లన్నీ సరిగానే ఉండి నెట్ రాకపోతే అప్పుడు ఆఫ్ చేసి ఆన్ చేయాలి. దానికో వరస ఉంది. ముందు పెట్టెను ప్లగ్గు నుంచి తీసి నిమిషం ఆగండి. మళ్లీ పెట్టి, లైట్లు నిలకడపడే దాకా రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. ఆ తర్వాత టీవీ. రిమోట్‌తో ఆపితే చాలా స్మార్ట్ టీవీలు నిద్రలోకి వెళతాయి తప్ప పూర్తిగా ఆగవు. గోడ దగ్గర స్విచ్ తీసి నిమిషం తర్వాత వేస్తేనే లోపల పేరుకున్నది పోయి కొత్తగా మొదలవుతుంది. పెట్టె వెనక సూదిబెజ్జమంత రంధ్రం, పక్కన ‘రీసెట్’ అన్న మాట కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లకండి. అది నొక్కితే కంపెనీవాళ్లు పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో సహా అమరికలన్నీ చెరిగిపోవచ్చు. అరగంటలో పోయే చిక్కు రెండు రోజులది అవుతుంది. తొందరలో ఉన్నప్పుడు మళ్లీ వెనక్కి రాలేని పని చేయకూడదు. ఉద్యోగానికి రాజీనామా లేఖ రాయడానికైనా ఇదే వర్తిస్తుంది.

వస్తోంది, కానీ ఆగి ఆగి వస్తోంది

ఇది వేరే జబ్బు. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. బఫరింగ్ అవుతోందనగానే నలభై ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటారు. నెట్‌ఫ్లిక్స్ తానే చెప్పే లెక్క ప్రకారం మామూలు హెచ్‌డీకి సెకనుకు 3 మెగాబిట్లు, ఫుల్ హెచ్‌డీకి 5, నాలుగు కె బొమ్మకు 15 చాలు. అంటే నలభై ఎంబీపీఎస్ నిజంగా టీవీ దాకా చేరితే రెండు గదుల్లో రెండు నాలుగు కె సినిమాలు ఒకేసారి ఆడినా ఇంకా మిగులుతుంది. అయినా ఆగుతోందంటే ఆ వేగం టీవీ దాకా చేరడం లేదన్నమాట.

చేరుతోందో లేదో తేల్చడం తేలిక. ఫోన్ పట్టుకుని వైఫై పెట్టె పక్కన నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. నెట్‌ఫ్లిక్స్ నడిపే ఫాస్ట్ డాట్ కామ్ ఉంది, తెరవగానే అంకె చూపిస్తుంది. తర్వాత టీవీ పక్కకు వెళ్లి మళ్లీ చేయండి. పెట్టె దగ్గర నలభై, టీవీ దగ్గర నాలుగు వచ్చాయనుకుందాం. అప్పుడు కంపెనీ తన పని సరిగా చేసింది, వేగాన్ని మధ్యలో మన గోడలు తినేశాయి. ప్లాన్ పెంచినా ఆ గోడలు అక్కడే ఉంటాయి. పెట్టె దగ్గర కూడా నాలుగే వస్తే అప్పుడు కంపెనీని అడగండి. ఈ నెలకు ఇచ్చిన డేటా అయిపోయి వేగం తగ్గించారేమో కూడా అప్పుడే అడగండి.

మన ఇళ్లలో పెట్టెను పెట్టే చోటు గురించి గట్టిగా చెప్పాలని ఉంది. అందంగా లేదని అటక మీద పెడతారు, ఇనుప బీరువా వెనక దాస్తారు, టీవీ వెనకే ఇరికిస్తారు. ఇనుము ముందు వైఫై నిలవదు. కాంక్రీటు గోడ ఒకటి దాటితే నీరసిస్తుంది, రెండు దాటితే సొమ్మసిల్లుతుంది. ఇంటి నడిమధ్యలో, మనిషి భుజం ఎత్తున, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టండి. వైఫై పేర్లు రెండు కనిపిస్తాయి: ఒకటి మామూలుది, ఇంకోదాని చివర 5జీ అని ఉంటుంది. అది సెల్‌ఫోన్ కంపెనీల 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని అర్థం. పెట్టె ఉన్న గదిలోనే టీవీ ఉంటే దానికి కలపండి, వేగం ఎక్కువ. గోడల అవతల ఉంటే 2.4 గిగాహెర్ట్జ్‌ది మేలు, అది దూరం పోతుంది. కాకపోతే అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు పెట్టెలన్నీ అందులోనే మాట్లాడుకుంటూ ఉంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ దరిదాపుల్లోనే పనిచేస్తుంది. పెట్టె నుంచి టీవీకి ఒక లాన్ తీగ లాగగలిగితే ఈ తంటాలేవీ ఉండవు. నన్నడిగితే ఖరీదైన కొత్త పెట్టె కన్నా ఆ తీగే మంచి కొనుగోలు.

టీవీ ఒక్కదానిలోనే చిక్కు ఉంటే చూడవలసినవి ఇంకో రెండున్నాయి. తేదీ, సమయం సరిగా ఉన్నాయా? సురక్షిత కనెక్షన్ కోసం టీవీ ప్రతిసారీ అవతలి సర్వర్ గుర్తింపు పత్రం గడువు మొదలైందా, తీరిపోయిందా అని చూస్తుంది. టీవీ గడియారం ఏళ్ల వెనక ఆగి ఉంటే మంచి పత్రాన్ని కూడా చెల్లదని తిప్పి పంపేస్తుంది. ఇక పాత టీవీలకు కొన్ని యాప్‌లు మద్దతు ఆపేస్తాయి. 2019 డిసెంబరులో కొన్ని పాత శామ్‌సంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ అలాగే ఆగింది. అలాంటప్పుడు టీవీ మార్చనక్కర్లేదు, హెచ్‌డీఎంఐకి పెట్టుకునే చిన్న స్టిక్ సరిపోతుంది.

తెర మీద వచ్చే సంకేతాన్ని మాత్రం వదిలేయకండి. ఎన్‌డబ్ల్యూ-2-5 అని నెట్‌ఫ్లిక్స్ చూపిస్తే నెట్ అందడం లేదని చెబుతోంది. యూఐ-800-3 అని వస్తే టీవీలో దాచుకున్న సమాచారం పాతబడింది, ఖాతా నుంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలని చెబుతోంది. రెండూ ఒకేలా కనిపించే నల్ల తెరలే, మందులు మాత్రం వేరు. కోపంలో ఉన్న మనిషి చదవడు, మూసేస్తాడు. మూసేసే ముందు ఫోన్‌తో ఫొటో తీయండి.

ఒకసారికి ఒకే మార్పు చేయండి. పెట్టె జరిపి, పాస్‌వర్డ్ మార్చి, యాప్ తీసేసి మళ్లీ వేసి, టీవీ కూడా రీసెట్ చేశాక బొమ్మ వస్తే ఏది పనిచేసిందో మీకు తెలియదు. వచ్చే నెల మళ్లీ ఆగితే మొదటి నుంచీ అన్నీ చేయాలి.

దూరంగా ఉన్న అమ్మకు చెప్పేటప్పుడు

డాలస్‌లోనో, బెంగళూరులోనో ఉన్న పిల్లలకు గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వచ్చే ఫోన్లలో సగం ఇవే. ‘నాన్నా, టీవీ రావట్లేదురా.’ ఇక్కడ కావలసింది సాంకేతిక జ్ఞానం కన్నా ఓర్పు. ‘రూటర్ రీబూట్ చెయ్యమ్మా’ అంటే ఆవిడకు ఏం చేయాలో తెలియదు, తెలియదని చెప్పడానికి మొహమాటపడుతుంది. అదే ‘అమ్మా, టీవీ కింద తెల్ల పెట్టె ఉంది కదా, దాని మీద ఎర్ర లైటు ఏమైనా వెలుగుతోందా?’ అని అడిగితే ఆవిడే మీ కళ్లవుతుంది. ‘ఒకటి వెలుగుతోంది నాన్నా, మినుకు మినుకుమంటోంది.’ ‘దాని పక్కన ఇంగ్లీషులో ఏ అక్షరం ఉంది?’ ‘ఎల్.’ అయిపోయింది, తెలియవలసింది తెలిసింది. ఆవిడ ఫోన్‌లో వైఫై తీయించి, మొబైల్ డేటా మీద వాట్సాప్ వీడియో కాల్ చేయించి, వెనక కెమెరా పెట్టె వైపు తిప్పమంటే ఇంకా తొందరగా అవుతుంది.

ఏం చేయాలో చెప్పే ముందు ఏం కనిపిస్తోందో అడగాలి. ఒక పని చెప్పి, అది అయిందని విన్నాకే రెండోది చెప్పాలి. చివర్లో ‘చూశావా, ఎంత తేలికో’ అనకండి. తేలికైనది తనకు రాలేదన్న చిన్నతనం మిగులుతుంది. ‘లైటు భలే గుర్తుపట్టావమ్మా’ అనండి. మరోసారి ఆగినప్పుడు ఆవిడ మీకు ఫోన్ చేసే ముందే లైటు చూసి ఉంటుంది. నలుగురితో పని చేయించవలసిన ఎవరికైనా ఇది అక్కరకొచ్చే విద్య. పెద్ద బృందాలను నడిపేవాళ్లలో కూడా ఇది రానివాళ్లు చాలామంది ఉన్నారు.

కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు కూడా ఇదే మర్యాద. అవతల మాట్లాడుతున్న అమ్మాయి తీగ తెంపలేదు. ‘రాత్రి ఎనిమిదిన్నర నుంచి లాస్ లైటు ఎర్రగా ఉంది, పెట్టె ఒకసారి ఆపి వేశాం, తీగ మడత లేదు’ అని చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆమె అడగవలసిన ప్రశ్నలన్నిటికీ ముందే జవాబు దొరికింది కనుక మీ పని ముందు అవుతుంది. మర్నాడు నిచ్చెన వేసుకుని ఎండలో స్తంభం ఎక్కే కుర్రాడికి గ్లాసు మజ్జిగ ఇచ్చి, ‘బాబూ, ఎక్కడ పోయింది?’ అని అడగండి. అతను చెప్పేది శ్రద్ధగా వినండి, మీ వీధి తీగల సంగతి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. తొందరలో కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకకండి. మొదట కనిపించే నంబరు మోసగాళ్లది కావచ్చు. సమస్య తీరుస్తామని స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయించి, పది రూపాయలు కట్టమని చెప్పి ఖాతా ఖాళీ చేస్తారు. బిల్లు మీద, లేదా ఆ సంస్థ సొంత యాప్‌లో ఉన్న నంబరుకే చేయండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. కంగారుపడిన మనిషి కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. కంగారు తగ్గించుకోవడం డబ్బు కాపాడుకోవడం కూడా.

బాగున్న రోజే చేయవలసిన పని

అవతలి వాళ్ల వైపు తప్పు ఉన్న సందర్భాలూ ఉంటాయి. 2024 నవంబరులో మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పోటీని నెట్‌ఫ్లిక్స్ ప్రత్యక్షంగా చూపించినప్పుడు ఆరు కోట్ల ఇళ్లలో చూశారని ఆ సంస్థే చెప్పింది. ఆ రాత్రి ఎంతోమందికి బొమ్మ మసకబారింది, ఆగింది. వాళ్ల ఇళ్లలో పెట్టెలు బాగానే ఉన్నాయి. అంతకు ఏడాది ముందు, 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది దాకా చూశారు. అంత భారం మోయడం వెనక ఏళ్ల తరబడి సాధన ఉంటుంది.

ఆ సాధన ఎలా ఉంటుందో నెట్‌ఫ్లిక్స్ చరిత్రలోనే చూడవచ్చు. 2008 ఆగస్టులో వాళ్ల డేటాబేస్ పాడై, అప్పట్లో చందాదారులకు పంపే డీవీడీలను మూడు రోజులు పంపలేకపోయారు. ఆ దెబ్బ తర్వాత సొంత యంత్రాలను వదిలి క్లౌడ్‌కు మారడం మొదలుపెట్టారు. ఆ క్రమంలో కేయాస్ మంకీ అనే ప్రోగ్రాం రాసుకున్నారు. అది చేసే పని ఒక్కటే: నడుస్తున్న సర్వర్లలో ఏదో ఒకదాన్ని కావాలనే ఆపేయడం. అదీ ఇంజనీర్లు కుర్చీల్లో మెలకువగా ఉండే పగటివేళ. అర్ధరాత్రి నిజంగా ఆగినప్పుడు తడబడకూడదని పగలే ఆపి చూసుకుంటారు.

మన ఇంటికి అంత అక్కర్లేదు, ఒక ఆదివారం పావుగంట చాలు. నెట్ చక్కగా వస్తున్నప్పుడు పెట్టె మీది లైట్లను ఫొటో తీసి పెట్టుకోండి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే పాడైనప్పుడు ఏది మారిందో తెలుస్తుంది. టీవీ దగ్గర స్పీడ్ ఎంత వస్తోందో రాసుకోండి. ఇంట్లో పన్నెండేళ్ల పిల్లో పిల్లాడో ఉంటే ఈ పని పూర్తిగా వాళ్లకే అప్పగించండి. పెట్టె ప్లగ్గు తీయించి, ఏ లైటు ముందు వెలుగుతుందో, ఏది చివర వెలుగుతుందో వాళ్లనే చూసి చెప్పమనండి. తర్వాత ఒక కాగితం మీద కస్టమర్ ఐడీ, బిల్లు మీది ఫోన్ నంబరు, ఏ లైటు ఏ రంగులో ఉండాలో, ఏ రంగొస్తే ఎవరికి ఫోన్ చేయాలో రాయించి పెట్టె పక్కన గోడకు అంటించండి. తెలుగులో, నాయనమ్మ కళ్లజోడు వెతుక్కోకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో.